దుమ్ములు చెప్పే సాక్ష్యం



సంతలో కోడెను కొనబోయే రైతు మొదట ఏమి చేస్తాడు? దాని చుట్టూ ఒకసారి తిరిగి నడక చూస్తాడు. వీపు నిమిరి చూస్తాడు. ఆ తరువాత ముట్టె పట్టి, పెదవి ఎత్తి, పండ్లు చూస్తాడు. అమ్మేవాడు "ఇంకా రెండు పండ్లే, లేత కోడె" అని ఎంత గట్టిగా చెప్పినా, నోట్లో నాలుగు పండ్లు కనిపిస్తే బేరం అక్కడే మారిపోతుంది. మనిషి మాట తప్పవచ్చును గాని పండ్లు తప్పవు గదా!

నాలుగు వేల యేళ్ళ కిందట చచ్చిన పశువుకు కూడా ఇదే పరీక్ష చేసేవారు ఉన్నారు. వారు పురావస్తు శాస్త్రజ్ఞులు. పాడుబడిన పాత ఊళ్ళ దిబ్బలు త్రవ్వి, అందులో దొరికిన పశువుల ఎముకలను, పండ్లను చూచి, ఆనాటి మనుషులు ఏమి తిన్నారు, ఏమి మేపారు, గొడ్డును పాలకు పెంచారా, మాంసానికా, కాడికా అన్న లెక్క తేలుస్తారు. ఆ లెక్క ఎట్లా తేలుతుంది, దానితో మన పుంగనూరు, మదనపల్లె, కుప్పం రైతులకు ఏమి సంబంధం అన్నది ఈనాడు చెప్పుకొందాము.

"చచ్చిన గొడ్డు దుమ్ములతో మాకేమి పని?" అని మీరు అడగవచ్చును. పని ఉన్నది. పాటిమన్ను అంటే మీ అందరికీ తెలుసు. పాడుబడిన ఊరి దిబ్బ మన్ను. చేనికి సత్తువ అని బండ్ల మీద, ఇప్పుడు ట్రాక్టర్ల మీద తోలుకుంటాము. ఆ మన్నుకు సత్తువ ఎక్కడిది? ఆనాటి పేడ, బూడిద, ఎముకలే. అంటే మనం చేనికి తోలే ఎరువే వాళ్ళకు పుస్తకం. ఆ పుస్తకాన్ని చదివేవాళ్ళు రాకముందే అది మన చేతుల్లో చెదిరిపోకూడదని ఈ నాలుగు మాటలు.

మొదట ఎముకలు దిబ్బలోకి ఎట్లా వస్తాయో చూద్దాము. ఇంటి ఇల్లాలు పొయ్యిలో బూడిద, పగిలిన కుండపెంకులు, తిన్న తరువాత మిగిలిన ఎముకలు ఎక్కడ పోస్తుంది? పెంటదిబ్బ మీదనే. ఆనాటి ఇల్లాలూ అంతే. ఏడాది మీద ఏడాది, తరం మీద తరం పోసిన చెత్త పొరలు పొరలుగా పేరుకుంటుంది. అన్నిటికన్నా కింది పొర అన్నిటికన్నా పాతది. కనుక ఏ ఎముక ఏ పొరలో, ఏ పెంకు పక్కన, ఏ పొయ్యి దగ్గర ఉన్నదో తెలిస్తేనే దాని కాలం తెలుస్తుంది. పొర తప్పిన ఎముక తేదీ లేని దస్తావేజు లాంటిది.

మన సీమకు ప్రత్యేకమైన దిబ్బలు మరొక రకం ఉన్నవి. అవి బూడిదదిబ్బలు. బళ్ళారి, రాయచూరు, అనంతపురం, పాలమూరు ప్రాంతాల్లో ఇవి కనిపిస్తాయి. మన అనంతపురం జిల్లా పాలవాయి దిబ్బ అటువంటిదే. కొన్ని చోట్ల ఆ బూడిద గట్టిగా, చిట్టెం కట్టి ఉంటుంది. అందువల్ల పూర్వం కొందరు ఇవి ఇనుము కరిగించిన చోట్లనుకున్నారు, మరికొందరు అగ్నిపర్వతపు బూడిద అనుకున్నారు. అది కాదు, పేడ కాలిన బూడిద అని చెప్పినవారిలో రాబర్ట్ బ్రూస్ ఫూట్ ముఖ్యుడు. తరువాత జాయినర్ అనే శాస్త్రజ్ఞుడు బూడిదను సూక్ష్మదర్శినిలో పరీక్షించి ఆ మాటను ఖాయం చేసినాడు.

1957వ సంవత్సరంలో ఆల్చిన్ అనే పురావస్తు పండితుడు, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు బూడిదదిబ్బను త్రవ్వించినాడు. అందులో ఏమి బయటపడింది? తాటిమొద్దులు వరుసగా నాటి కట్టిన దడి. అంటే పశువుల దొడ్డి! దొడ్డిలో పేడ పేరుకొనడం, దానిని కాల్చడం, మళ్ళీ దడి కట్టడం, ఇట్లా ఎన్నోసార్లు జరిగింది. ఆ బూడిద పొరల మీద పశువుల గిట్టల అచ్చులు అట్లాగే నిలిచి ఉన్నవి. వాన వెలసిన తరువాత మన దొడ్డి వాకిట్లో పడే అచ్చులు ఎట్లా ఉంటాయో అట్లాగే! నాలుగు వేల యేళ్ళు దాటిన మంద ఇప్పుడే మేతకు వెళ్ళినట్లున్నది. ఈ త్రవ్వకం ఆధారంగా ఆల్చిన్ 1963లో దక్షిణ దేశపు నవీన శిలాయుగ పశుపాలకులను గురించి ఒక గ్రంథం వెలువరించినాడు. నవీన శిలాయుగం అంటే రాతి గొడ్డళ్ళను నున్నగా నూరి వాడుకొన్న కాలం. మన సీమలో మనుషులు పశువులను మేపి, పైరు పెట్టడం నేర్చిన కాలం కూడా అదే.

ఇంకా దగ్గరికి వద్దాము. కడప జిల్లాలో పెన్నేటి నడిమి పరీవాహక ప్రాంతపు నవీన శిలాయుగ చోట్లలో దొరికిన పశువుల ఎముకలను పరీక్షించి, పి. సి. వెంకటసుబ్బయ్య, పవన్‌కర్, జోగ్లేకర్ అనే ముగ్గురు 1992లో ఒక వ్యాసం ప్రకటించారు. వీరిలో వెంకటసుబ్బయ్యగారు మన కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయంలో పనిచేసినవారే. ఇక కుప్పానికి ఆ పక్క, తమిళనాడులో తిరుపత్తూరు దగ్గర పైయంపల్లి అనే ఊరున్నది. అక్కడ 1960 దశకంలో జరిగిన త్రవ్వకాల్లో నవీన శిలాయుగపు జనావాసం బయటపడింది. మాడిపోయిన ఉలవలు, పెసలు దొరికినవి. ఉలవచారు మనకు ఈనాటి రుచి కాదన్నమాట!

సరే, దిబ్బలో ఎముక దొరికింది. ఇక దాని చేత మాట్లాడించేది ఎట్లా?

మొదటి పని జల్లెడ. త్రవ్విన మన్నును పారబోయక జల్లించవలెను. లేకపోతే ఆవు తొడ ఎముక చేతికి వస్తుంది గాని, చేప ముల్లు, కోడి ఎముక, ఎలుక దవడ మన్నుతో పోతాయి. అప్పుడు ఏమవుతుంది? ఆనాటివారు గొడ్డు మాంసం తప్ప మరేమీ ఎరుగరని తప్పు లెక్క వస్తుంది. జల్లెడ కన్ను పెద్దదైతే లెక్క చిన్నదవుతుంది.

రెండవ పని పోలిక. ఇది ఏ జంతువు ఎముక? దీనికి పేరు తెలిసిన జంతువుల అస్థిపంజరాలను ప్రయోగశాలలో దాచి ఉంచుతారు. పూనాలోని డెక్కన్ కళాశాలలో ఇటువంటి పని చాలాకాలంగా జరుగుతున్నది. ముక్కను పక్కన పెట్టి పోల్చి చూస్తారు. కొన్ని సులభం, కొన్ని కష్టం. గొర్రెను, మేకను మీరు ఫర్లాంగు దూరం నుంచే గుర్తుపడతారు గదా! ఎముకల్లో మాత్రం ఆ రెండూ అన్నదమ్ముల్లాగా ఉంటాయి. కొమ్ము లోపలి ఎముక, కాలి ఎముకల వంటి కొన్నిటితోనే తేడా తేలుతుంది. అందుకనే చాలా నివేదికల్లో "గొర్రె లేక మేక" అని కలిపి రాస్తారు. ఆవు, ఎనుముల సంగతీ ఇంచుమించు ఇంతే. మూపురం సంగతి చూడండి. మూపురంలో ఎముక లేదు. కాని దాని కింద వెన్నుపూసల మీద నిలిచి ఉండే ముల్లు కొస మన నాటు పశువుల్లో రెండుగా చీలి ఉంటుంది. అటువంటి పూస దొరికితే ఇది మూపురపు పశువు అని చెప్పవచ్చును.

ఈ పనిలో పశువైద్యులకు గొప్ప పాత్ర ఉన్నది. కర్ణాటకలో కె. ఆర్. ఆలూరు అనే పశువైద్యులు తెక్కలకోట, హళ్ళూరు మొదలైన త్రవ్వకాల్లో దొరికిన ఎముకలను పరీక్షించి నివేదికలు రాసినారు. గొడ్డు కాలు విరిగితే కట్టు కట్టే చేతికే నాలుగు వేల యేళ్ళ కాలు కూడా అర్థమవుతుంది. మన విస్తరణాధికారులు, పశుసంవర్ధక శాఖవారు ఈ సంగతి గమనించవలెను.

మూడవ పని లెక్క. ఒక గుంటలో వంద ముక్కలు దొరికితే వంద పశువులని కాదు. ఒకే తొడ ఎముక పది ముక్కలై ఉండవచ్చును. అందుకని ఒకే రకం ఎముకను, ఒకే పక్కదాన్ని లెక్కిస్తారు. ఎడమ తొడ ఎముకలు అయిదు, కుడివి మూడు దొరికినవనుకోండి. కనీసం అయిదు పశువులు ఉండి తీరవలెను, ఏ గొడ్డుకూ రెండు ఎడమ తొడలు ఉండవు గనుక. ఇంకొక చిక్కు ఉన్నది. దిబ్బలో ఎనిమిది మేకలు, ఒక ఆవు తేలినవనుకోండి. తలల లెక్కన మేకలదే పైచేయి. మేక ఇరవై కిలోలు, ఆవు నూట అరవై కిలోలు అనుకుంటే తూకంలో రెండూ సరిసమానం. కనుక తల లెక్క వేరు, తిండి లెక్క వేరు. రెండూ వేసి చూడవలెను.

నాలుగవ పని వయసు. ఇక్కడ మళ్ళీ మన సంత బేరానికే వస్తాము. పశువుకు మొదటి జత గట్టి పండ్లు సుమారు రెండు, రెండున్నర యేళ్ళకు వేస్తాయి. నాలుగున్నర, అయిదేళ్ళకు నోరు నిండుతుంది. మేపును బట్టి, జాతిని బట్టి కొంచెం అటూ ఇటూ కావచ్చును. అయితే దిబ్బలో ముందు పండ్లు ఊడిపోతాయి. దవడ పండ్లు మాత్రం ఎముకతో నిలుస్తాయి. అవి ఎంత అరిగినవో చూచి వయసు కడతారు.

పండ్లు దొరకకపోతే కీళ్ళు. లేత మేకపిల్ల మాంసం వండినప్పుడు ఎముక కొసన ఉండే గుండు ఊడి పులుసులో పడటం మీరు చూచే ఉంటారు. ముదురు మేకలో అది ఊడదు. కారణం ఏమిటంటే, పెరిగే వయసులో ఎముక కొన వేరుగా ఉండి, పెరుగుదల ఆగినప్పుడు మొద్దుతో అతుక్కుంటుంది. ఒక్కొక్క కీలు ఒక్కొక్క వయసులో అతుక్కుంటుంది. గొడ్డులో ముందరి కాలి మోచేతి కొస సుమారు ఏడాది, ఏడాదిన్నరకే అతుక్కుంటే, మోకాలి దగ్గరి తొడ ఎముక కొసకు మూడున్నర, నాలుగేళ్ళు పడుతుంది.

వయసు తెలిస్తే ఏమి తెలుస్తుంది? మంద ఉద్దేశ్యం తెలుస్తుంది. రైతుకు ఇది చెప్పనక్కరలేదు. మాంసానికి పెంచేవాడు పొట్టేళ్ళను ఒంటి బరువు పట్టగానే అమ్ముతాడు, ముసలిదాకా మేపడు. పాలకు పెంచేవాడు ఆడవాటిని ఎన్నో ఈతల దాకా ఉంచుకుంటాడు, మగపిల్లలను తొందరగా వదిలించుకుంటాడు. బొచ్చుకు పెంచేవాడు మగవాటిని కూడా పెద్దయ్యేదాకా ఉంచుతాడు. సెబాస్టియన్ పేన్ అనే శాస్త్రజ్ఞుడు టర్కీ దేశపు గొర్రెలు, మేకల దవడలను చూచి 1973లో ఈ లెక్కను సూత్రంగా పెట్టినాడు. మన కాపరులు నోటిలెక్కగా చేసేదే ఆయన కాగితం మీద పెట్టినాడన్నమాట. కాడి లాగిన ఎద్దుల గిట్ట ఎముకల్లో అదనపు ఎముక పెరిగి, కీలు అరిగి ఉండటం కూడా కనిపిస్తుంది. అది సేద్యపు సాక్ష్యం.

అయిదవ పని గాట్లు. ఇది చాలా ముఖ్యం. దిబ్బలోనో గుహలోనో దొరికిన ప్రతి ఎముకా మనిషి తిన్నది కాదు. రాతి కత్తితో కోసినప్పుడు ఎముక మీద సన్నని, సూటి గీతలు పడతాయి. అవి కీళ్ళ దగ్గర, కండ అతుక్కొన్న తావున ఉంటాయి. మూలుగ కోసం పగలగొడితే రాయి దెబ్బ తగిలిన గుర్తు ఉంటుంది. పొయ్యిలో పడిన ఎముక మొదట గోధుమరంగు, తరువాత నలుపు, ఇంకా వేడెక్కితే బూడిదరంగు, తెలుపు తిరుగుతుంది. ఇక కుక్క కొరికితే గుంటలు పడతాయి. ఏదుపంది గీరితే పక్కపక్కనే వెడల్పాటి చాళ్ళు పడతాయి.

ఉమ్మడి కర్నూలు జిల్లా బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలు ఈ జాగ్రత్తకు మంచి ఉదాహరణ. 1880 దశకంలో ఫూట్, ఆయన కుమారుడు అక్కడ త్రవ్వించగా చాలా జంతువుల ఎముకలు దొరికినవి. లిడెక్కర్ అనే పండితుడు 1886లో వాటిని వర్ణించినాడు. అందులో ఖడ్గమృగం కూడా ఉన్నది! దానికి కర్నూలు పేరే పెట్టినాడు. అయితే గుహలో కాపురమున్నది మనిషి ఒక్కడే కాదు. దుమ్ములగొండి పేరులోనే దుమ్ములున్నాయి గదా, దానికి ఎముకలను గుహకు ఈడ్చుకుపోయే అలవాటు. ఏదుపంది కూడా పండ్లు అరగదీసుకొనడానికి ఎముకలను పోగేస్తుంది. కాబట్టి గుహలో ఖడ్గమృగం ఎముక దొరికినంత మాత్రాన మన పూర్వులు దాన్ని వేటాడి తిన్నారని చెప్పడానికి వీలులేదు. గాటు చూచి చెప్పవలెను.

దీనికి ఎదురు ఉదాహరణ కర్ణాటకలోని బూదిహాళ్. అక్కడి బూడిదదిబ్బ దగ్గర మన తెలుగువారైన కత్రగడ్డ పద్దయ్యగారు 1990 దశకంలో త్రవ్వకాలు జరిపించగా, పశువులను కోసిన తావు ఒకటి బయటపడింది. పశువుల ఎముకలు, వాటి నడుమ రాతి పనిముట్లు ఉన్నవి. ఇక్కడ సందేహానికి చోటు లేదు. ఈ దక్షిణ దేశపు నవీన శిలాయుగ చోట్లన్నిటిలోనూ మొత్తం మీద ఆవు జాతి ఎముకలదే మొదటి స్థానం, ఆ తరువాత గొర్రెలు, మేకలు. జింక, దుప్పి వంటి వేట జంతువులు కొద్దిగా ఉంటాయి.

అయితే ఎముక అంతా చెప్పదు. తిన్న సంగటి ఎముకగా మిగలదు గదా! తాగిన పాలు అసలే మిగలవు. దానికి వేరే ఉపాయాలున్నవి. మన్నును నీటిలో కలిపితే మాడిన గింజలు పైకి తేలుతాయి. ఇట్లా తేల్చి చూచి ఆనాటివారు ఉలవలు, పెసలు, అండుకొర్రల వంటి చిరుధాన్యాలు తిన్నట్లు తెలుసుకొన్నారు. కుండపెంకుల్లో ఇంకిన కొవ్వును రసాయన పరీక్షతో బయటికి తీస్తారు. గుజరాతులోని కోటడా భద్లి అనే సింధు నాగరికత కాలపు చోట పెంకుల్లో పాల కొవ్వు జాడ దొరికినట్లు 2020లో ప్రకటించారు. ఇక పశువు ఏ మేత మేసిందో దాని పంటి పింగాణిలో రాసి ఉంటుంది. రాగి, జొన్న, సజ్జ, కొర్ర ఒక తెగ. వరి, ఉలవ, చెట్ల ఆకులు మరొక తెగ. గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఈ రెండు తెగలూ వేరువేరు పద్ధతుల్లో ఇముడ్చుకొంటాయి. ఆ తేడా మేత ద్వారా పంటికి ఎక్కుతుంది. మన వేడి నేలల్లో ఎముకలోని జిగురు తొందరగా చెడిపోతుంది. పింగాణి మాత్రం చాలాకాలం నిలుస్తుంది. కాబట్టి పన్ను ఒక్కటి దొరికినా పారవేయరు.

ఇప్పుడు మన పుంగనూరు ఆవు దగ్గరికి వద్దాము. రెండున్నర, మూడడుగుల ఎత్తు దాటని పశువు. ఒంగోలు గిత్త దాదాపు అయిదడుగులుంటుంది. కొద్ది మేతతో బతుకుతుంది. పాలలో వెన్న నూటికి ఎనిమిది పాళ్ళ దాకా ఉంటుందని పేరు. ఒకప్పుడు ఈ జాతి అంతరించిపోతుందేమోనన్న భయం కలిగింది. పలమనేరు పశు పరిశోధనా స్థానంలో దీనిని కాపాడి వృద్ధి చేస్తున్నారు. "ఈ ఆవు మా నేలలో అనాదిగా ఉన్నది" అని మన పెద్దలు గర్వంగా అంటారు. నిజమే కావచ్చును. కాని శాస్త్రం నోటిమాటను ఒప్పుకోదు, ఎముకను అడుగుతుంది.

అడిగేది ఎట్లా? మన ప్రాంతపు దిబ్బలో ఒక చిన్న కాలి ఎముక దొరికిందనుకోండి. చూచినవాడు "దూడది" అంటాడు. అప్పుడు కీలు చూడవలెను. కొస అతుక్కోకపోతే దూడే. కొస గట్టిగా అతుక్కొని, పండ్లు నిండి, అయినా ఎముక చిన్నదిగా ఉంటే, అది పెద్ద వయసు పొట్టి పశువు! ఇక దాన్ని దేనితో పోల్చవలెను? బతికి చచ్చిన పుంగనూరు పశువు అస్థిపంజరంతోనే. జాతి అంతరిస్తే ఆ కొలత కూడా పోతుంది. దిబ్బ చెదిరితే ఆ ఎముకా పోతుంది. దొడ్డిలో ఆవు, దిబ్బలో ఎముక రెండూ ఉంటేనే ఈ ప్రశ్నకు జవాబు వస్తుంది. రెండూ రైతు చేతిలోనే ఉన్నవి.

మరి మనం చేయవలసినది ఏమిటి? పెద్ద పని కాదు.

పాటిదిబ్బనో బూడిదదిబ్బనో త్రవ్వి మన్ను తోలకండి. సత్తువకు పశువుల పెంట, పచ్చిరొట్ట, చెరువు మట్టి ఉన్నవి. ఆ దిబ్బకు మాత్రం మారు లేదు.

దున్నేటప్పుడో బావి త్రవ్వేటప్పుడో బూడిద పొర, పాత పెంకులు, నున్నగా నూరిన రాతి గొడ్డలి, వాటితో కలిసి ఎముకలు కనిపిస్తే పని అక్కడ ఆపండి. ఎముకను లాగకండి, కడగకండి, గోనెలో వేసుకొని ఇంటికి తేకండి. పైన కాస్త మన్ను కప్పి, గుర్తుగా ఒక కొయ్య నాటండి. ఎంత లోతున కనిపించిందో జ్ఞాపకం పెట్టుకోండి. చేతిలో ఫోను ఉంటే అక్కడే, ఉన్నది ఉన్నట్లుగా ఒక బొమ్మ తీయండి. తరువాత గ్రామ రెవెన్యూ అధికారికి చెప్పి, ఆయన ద్వారా పురావస్తు శాఖకు తెలియజేయండి. బడి పంతులుగారికి చెప్పినా మంచిదే, పిల్లలకూ తెలుస్తుంది.

విస్తరణాధికారులకు ఒక మనవి. ఎరువుల గురించి రైతుతో మాట్లాడేటప్పుడు పాటిమన్ను ప్రసక్తి వస్తే ఈ సంగతి కూడా ఒక మాట చెప్పండి. పుంగనూరు ఆవు చనిపోయినప్పుడు దాని అస్థిపంజరం చదువుకొనేవారికి పనికివస్తుందేమో పశువైద్యులను అడగండి.

రైతు సోదరులారా! పశువు పండ్లు చూచి వయసు చెప్పడం, కీలు చూచి లేతదో ముదురుదో చెప్పడం, మందను చూచి అది పాలకో మాంసానికో చెప్పడం మీకు పుట్టుకతో వచ్చిన విద్య. శాస్త్రజ్ఞులు చేసేది ఆ విద్యనే వేల యేళ్ళ వెనక్కి తీసుకుపోవడం. వారికి కావలసినది ఒక్కటే: ఎముక ఉన్నచోటనే ఉండవలెను. రేపు మీ మడక కర్రుకు తెల్లగా ఏదైనా తగిలితే, దాన్ని గట్టు మీదికి విసిరేముందు ఒక్క క్షణం ఆగి చూడండి. ఏ నాటి సంగటి ముద్ద పక్కన ఏ కూర ఉన్నదో చెప్పే సాక్షి అదే కావచ్చును.